న్యూట్ పిల్లకి కాలు తెగిందా? మళ్ళీ మొలిచేదాకా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

ముందు కంగారు పడకండి. న్యూట్ అంటే నీళ్ళలో బతికే, చూడటానికి బల్లిలా ఉండే కప్ప జాతి ఉభయచరం. న్యూట్ పిల్లకి కాలు తెగితే చాలావరకు మళ్ళీ వచ్చేస్తుంది, ఎముక, కండ, నరాలు, వేళ్ళతో సహా. మన గోడమీద బల్లికి తోక మళ్ళీ వస్తుంది కదా, కానీ దాని లోపల అసలు వెన్నుపూసలు రావు, మృదులాస్థి గొట్టం ఒకటి వస్తుందంతే, బల్లికి కాలు పోతే ఇక పోయినట్టే. న్యూట్ అలా కాదు. ఇటలీలో స్పల్లాంజానీ అనే ఆయన 1768లోనే ఈ జాతి జీవుల కాళ్ళు మళ్ళీ మొలవడం గురించి రాశాడు. కాబట్టి కాలు మొలిపించడం మీ పని కాదు, అది అదే చూసుకుంటుంది. మీ పనల్లా నీళ్ళు, తిండి, ఇంకో న్యూట్ నోటికి అందకుండా చూడటం.

నేను ఇక్కడ చెప్పేది స్పానిష్ రిబ్డ్ న్యూట్ పిల్లల గురించి, ఎందుకంటే ఇవి జీవితాంతం నీళ్ళలోనే ఉండగలవు, పెంపకంలో బాగా గుడ్లు పెడతాయి. ఫైర్ బెల్లీ అనే ఇంకో రకం న్యూట్ లాంటివైతే పిల్లలు మొప్పలు పోయాక కొన్నాళ్ళు గట్టు మీద బతుకుతాయి, వాటిని నీళ్ళలో ముంచకుండా తడి టిష్యూ పేపర్ పరిచిన డబ్బాలో పెట్టాలి, మిగతాదంతా దాదాపు ఇదే.

కాలు కొరికింది ఎవరో వెతకక్కర్లేదు, తోడబుట్టినవే. లార్వాలకి, అంటే ఇంకా మొప్పలున్న పిల్లలకి, కదిలిందల్లా తిండే, ఆకలేసినా ఇరుకైనా పక్కదాని కాలో తోక చివరో మొప్పలో లాగేస్తాయి. అందుకే మొదటి పని, దెబ్బ తగిలినదాన్ని వేరే డబ్బాలోకి మార్చడం. కొరికినదాన్ని తీసేస్తే సరిపోదా అంటే సరిపోదు, అన్నీ కొరికేవే. రెండు మూడు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలు, అడుగున రాళ్ళూ ఇసకా వద్దు, దాక్కోడానికి కొంచెం నాచు వెయ్యండి, మూతకి చిల్లులు పెట్టండి. చేత్తో పట్టుకోకండి, చిన్న గిన్నెతో నీళ్ళతో పాటే ఎత్తండి. పెద్ద రిబ్డ్ న్యూట్‌ని గట్టిగా పట్టుకుంటే పక్కటెముకలు దాని చర్మాన్నే చీల్చుకుని ముళ్ళలా బయటికొస్తాయి, అది దాని ఆత్మరక్షణ, పిల్లప్పట్నించే ఆ అవసరం రాకుండా చూస్తే మంచిది.

ఇక నీళ్ళు. అసలు కథంతా ఇక్కడే ఉంది. పంపు నీళ్ళు బకెట్లో పట్టి ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది అని అందరం చేస్తాం, నిజమే, కానీ మీ ఊర్లో క్లోరమీన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలుపుతుంటే అది అలా పోదు, అమెరికాలో చాలా ఊళ్ళలో ఇదే వాడతారు, దానికి అక్వేరియం షాపులో దొరికే కండిషనర్ వెయ్యాల్సిందే. ఫిల్టర్ లేని చిన్న డబ్బాలో వాటి వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా త్వరగా పెరుగుతుంది, అందుకని రోజూ నీళ్ళు దాదాపు మొత్తం మార్చండి, కొత్త నీళ్ళు పాత వాటంత చల్లగానే ఉండాలి. టెస్ట్ కిట్ ఉంటే అమ్మోనియా, దాన్నుంచే వచ్చే నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. వేడి 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. వేడి పెరిగితే కాలు తొందరగా వస్తుందని హీటర్ పెట్టేవాళ్ళు ఉన్నారు, అలా చెయ్యకండి, ఫంగస్, బ్యాక్టీరియా కూడా అంతే తొందరగా వస్తాయి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ కూడా తక్కువ. హైదరాబాద్, విజయవాడ ఎండాకాలంలో గది నీళ్ళే 30 దాటుతాయి, చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) లేకుండా అక్కడ న్యూట్‌ని పెంచడమంటే నా దృష్టిలో దాన్ని ఉడకబెట్టడమే.

గాయానికి ఏమీ రాయకండి. పసుపు వద్దు, డెటాల్ వద్దు, మనం వాడే ఆయింట్‌మెంట్లు అసలు వద్దు, వీటి చర్మం నీళ్ళని పీల్చినట్టే వాటినీ పీల్చేస్తుంది. దానికి కారణం ఇంకొకటి కూడా ఉంది: తెగిన గంటల్లోనే చుట్టుపక్కల చర్మకణాలు జరుగుతూ వచ్చి పుండుని కప్పేస్తాయి, ఒక రోజులో దాదాపు మూసుకుపోతుంది, ఆ పల్చటి పొర కిందే అసలు పని మొదలవుతుంది, దాన్ని గీకితే మళ్ళీ మొదటికి.

తర్వాత రోజూ భూతద్దం పెట్టి చూడండి, చెయ్యి పెట్టకుండా. మొండి కాలి చివర లేతగా, కొంచెం పారదర్శకంగా ఒక గుండ్రటి మొగ్గ వస్తుంది. దాన్నే బ్లాస్టిమా అంటారు. అది కోసుగా సాగి, తర్వాత చదునుగా చిన్న తెడ్డులా అవుతుంది, ఆ తెడ్డు అంచున గాట్లు పడి వేళ్ళు విడతాయి, ముందు లోపలి వైపు రెండు, తర్వాత బయటివి. ముందు కాలికి నాలుగు వేళ్ళు, వెనక కాలికి ఐదు, తక్కువ కనపడితే ఇంకా టైం ఉందని అర్థం. మోచేతి దగ్గర తెగితే మోచేతి కింద భాగమే వస్తుంది, భుజం దగ్గర తెగితే మొత్తం వస్తుంది, ఎక్కడ తెగిందో ఆ కణాలకి తెలుసు. అక్కడికి నరాలు అందకపోతే మాత్రం మొగ్గ పెరగదు. జపాన్ ఫైర్ బెల్లీ న్యూట్ మీద 2016లో వచ్చిన ఒక పరిశోధనలో తేలిందేంటంటే లార్వా దశలో కొత్త కండ, కండలో దాచుకున్న మూలకణాల నుంచి వస్తుంది, పెద్దయ్యాక మాత్రం కండపోగులే వెనక్కి మారి మళ్ళీ కొత్త కణాలవుతాయి.

తిండి బాగా పెట్టండి, కాలు కట్టాలంటే సరుకు కావాలి కదా. చిన్న లార్వాకి అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీళ్ళ బుల్లి రొయ్యలు), డాఫ్నియా (నీటి ఈగలు), కాస్త పెద్దదైతే సన్నగా తరిగిన వానపాము. లార్వాలు కదలనిదాన్ని పట్టించుకోవు కాబట్టి పట్టకారుతో ముక్కని మూతి ముందు మెల్లగా ఆడించాలి. ఆర్టీమియాని ఉప్పునీళ్ళ నుంచి తీశాక మంచినీళ్ళతో కడిగి పెట్టండి, మంచినీళ్ళలో అవి కొన్ని గంటల్లో చచ్చి నీళ్ళు పాడుచేస్తాయి, మిగిలినవి డ్రాపర్‌తో తీసెయ్యండి.

చిన్న లార్వాలకి మూడు నాలుగు వారాల్లో వేళ్ళు కనపడొచ్చు, పెద్ద న్యూట్‌కి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కొత్త కాలు మొదట్లో సన్నగా లేత రంగులో ఉంటుంది, నెమ్మదిగా మిగతా వాటిలా అవుతుంది. మొలుస్తుండగా మళ్ళీ కొరికించుకుంటే వేళ్ళు ఎక్కువో తక్కువో రావడం, వంకరగా రావడం ఉంటుంది, అది చూడటానికే బాగోదు, నడక ఈతలకి పెద్ద ఇబ్బంది లేదు.

దూదిలా తెల్లటి పీచు పట్టినా, మొండి ఎర్రగా మారి పైకి పాకుతున్నా, రెండు మూడు రోజులు తినకపోయినా, ఎముక ముక్క బయటికి పొడుచుకొచ్చినా ఎగ్జోటిక్ జంతువులు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఎముకని కత్తెరతో మీరే కత్తిరించకండి, ల్యాబుల్లో చేస్తారు నిజమే, వాళ్ళు మత్తు ఇచ్చి చేస్తారు.

వేళ్ళు పూర్తిగా విడి, కాలు నేల మీద ఆనించి నడుస్తోంది అనిపించాకే మిగతా వాటితో కలపండి, అదీ సైజు సమానంగా ఉన్నవాటితోనే, కలిపే ముందు అందరికీ కడుపు నిండా పెట్టి.