పెన్ హిల్స్ గుడికి వచ్చేవాళ్లు క్లెమెంటేని కూడా చూసి వెళ్లండి

పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్లకు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడే గుర్తొస్తుంది. మా ఇంటికి వచ్చే చుట్టాలందరికీ నేను చెప్పేది ఒకటే: దర్శనం అయ్యాక ఇంకో పూట ఉండండి, ఇక్కడి బేస్‌బాల్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే ఎవరో పిల్లలకు చూపించండి.

ముందు క్లెమెంటే మ్యూజియానికి వెళ్లండి. లారెన్స్‌విల్‌లో, పెన్ అవెన్యూ మీద, పాత ఫైర్ స్టేషన్‌లో ఉంది. టూర్ ముందుగానే బుక్ చేసుకోవాలి. బేస్‌బాల్ రూల్స్ తెలియవని టెన్షన్ పడక్కర్లేదు. కారులో వెళ్తూ ఈ నాలుగు ముక్కలు చెబితే చాలు: 1934లో ప్యూర్టో రికోలోని కరోలినాలో పుట్టాడు, 1955 నుంచి 1972 దాకా పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్‌కే ఆడాడు, సరిగ్గా 3000 హిట్లు (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టాడు. రైట్ ఫీల్డ్ (బ్యాటర్‌కు కుడివైపు, మైదానం చివర) నుంచి ఆయన విసిరే బంతి, మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర్నుంచి నేరుగా వికెట్లకు తగిలే త్రో లాంటిది.

ఆ తర్వాతి సంగతి మాత్రం తొందరపడకుండా చెప్పండి. 1972 డిసెంబర్ 23న నికరాగువా రాజధాని మనాగువాను భూకంపం కూల్చేసింది. అంతకు కొన్ని వారాల ముందే క్లెమెంటే ప్యూర్టో రికో జట్టు మేనేజర్‌గా ఆ దేశంలో ఉండి వచ్చాడు. విరాళాలు అడిగాడు, మందులు, తిండి పోగుచేసి పంపించాడు. అవి బాధితులకు చేరకుండా సైనికులు దారిలోనే కాజేస్తున్నారని తెలిసింది. తాను వెంట వెళ్తే అలా జరగదని నమ్మి, డిసెంబర్ 31 రాత్రి సాన్ హువాన్‌లో సరుకుల విమానం ఎక్కాడు. మోయగలిగిన దానికి మించి బరువెక్కించిన ఆ పాత డీసీ-7, లేచిన కాసేపటికే సముద్రంలో పడిపోయింది. ఆయనకు 38 ఏళ్లు. శరీరం దొరకలేదు. "డబ్బులు పంపిస్తే సరిపోయేది కదా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అడగనివ్వండి. ఎందుకు సరిపోలేదో మళ్లీ ఓపిగ్గా చెప్పండి.

అక్కడి నుంచి డౌన్‌టౌన్. మ్యాచ్ ఉన్న రోజైతే క్లెమెంటే బ్రిడ్జి మీద కార్లు ఆపేస్తారు, హాయిగా నడుస్తూ దాటొచ్చు. అవతలి ఒడ్డున స్టేడియం, బయట ఆయన విగ్రహం. మ్యాచ్ లేకపోయినా విగ్రహం చూడొచ్చు. టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే రైట్ ఫీల్డ్ గోడ చూపించండి. ఆయన జెర్సీ నంబరు 21, గోడ ఎత్తూ 21 అడుగులే.

సెప్టెంబర్‌లో వచ్చే వీలుంటే ఇంకా మంచిది. 15వ తేదీ రాబర్టో క్లెమెంటే డే. ఆ రోజు వేరే జట్ల ఆటగాళ్లు కూడా 21 నంబరు వేసుకుని ఆడతారు. ఇక్కడ మ్యాచ్ ఉందో లేదో షెడ్యూల్ చూసుకున్నాకే విమానం టికెట్లు కొనండి.