ఆక్సైడ్ అయాన్ వాహకత కొలవడం: అర్ధవృత్తం కనిపించగానే నమ్మకండి

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు "ఈ సిరామిక్ వాహకత ఎంత?" అని అడిగితే, నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ ఉష్ణోగ్రతలో? గ్రెయిన్ (సిరామిక్‌లోని చిన్న స్ఫటికం) లోపలా, గ్రెయిన్ బౌండరీ (రెండు గ్రెయిన్లు కలిసే హద్దు) దగ్గరా? ఏ వాయువులో? ఇవి తేలకపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

మొదలుపెట్టడానికి 8 మోల్ శాతం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) మంచిది. రెండు జిర్కోనియం అయాన్ల చోట రెండు ఇట్రియం అయాన్లు కూర్చుంటే ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. పక్కనున్న ఆక్సైడ్ అయాన్ ఆ ఖాళీలోకి దూకుతుంది, అదే మనం కొలిచే కరెంటు. ఇట్రియా ఇంకా పెంచితే ఇంకా బాగుంటుందనుకోవద్దు. ఒక హద్దు దాటాక ఖాళీల కదలికే మందగించి వాహకత తగ్గుతుంది.

పౌడర్‌ను అగేట్ కల్వంలో నూరకండి, అగేట్ అంటే సిలికానే. అది గ్రెయిన్ బౌండరీల్లో గాజు పొరలా చేరి అయాన్లకు అడ్డుపడుతుంది. జిర్కోనియా కల్వం వాడండి. పౌడర్‌ను పెల్లెట్‌గా, అంటే చిన్న బిళ్లగా ప్రెస్ చేసి 1450–1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు సింటర్ చేయండి, అంటే కరగకుండా కాల్చి గట్టిపరచండి. తర్వాత ఆర్కిమెడిస్ పద్ధతిలో సాంద్రత చూడండి. సైద్ధాంతిక విలువలో 95 శాతం రాకపోతే కొలతకు కూర్చోవద్దు. రంధ్రాలున్న పెల్లెట్ మీద ఎంత ఖరీదైన ఎనలైజర్ పెట్టినా దండగే.

రెండు ముఖాలకూ ప్లాటినం పేస్ట్ పూసి కాల్చండి. వెండి చవకే కానీ 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దానికి చాలా ముందే ఆగిపోవాలి. థర్మోకపుల్ పెల్లెట్‌కు ఆనుకునేంత దగ్గరగా ఉండాలి, ఫర్నేస్ డిస్‌ప్లే మీద ఆధారపడకండి.

ఇక ఇంపీడెన్స్, అంటే ఏసీ కరెంటుకు పెల్లెట్ చూపే మొత్తం అడ్డు. 300 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 1 మెగాహెర్ట్జ్ నుంచి 0.1 హెర్ట్జ్ వరకు స్వీప్ చేయండి. నైక్విస్ట్ ప్లాట్‌లో (ఇంపీడెన్స్ వాస్తవ భాగం అడ్డంగా, ఊహాత్మక భాగం నిలువుగా గీసిన పటం) మామూలుగా ఎడమ నుంచి గ్రెయిన్, గ్రెయిన్ బౌండరీ, ఎలక్ట్రోడ్ ఒక్కొక్కటి ఒక అర్ధవృత్తంలాంటి చాపంగా వరుసగా వస్తాయి. 1969లో బావర్లే అనే పరిశోధకుడు జిర్కోనియాలో వీటిని విడదీశాడు. కానీ వరుస చూసి పేరు పెట్టేయకండి, కెపాసిటెన్స్ లెక్కగట్టండి. ఉదాహరణకు మందం 1.5 మిల్లీమీటర్లు, వ్యాసం 10 మిల్లీమీటర్లు ఉన్న పెల్లెట్‌లో మొదటి చాపం నిరోధం లక్ష ఓమ్‌లు, దాని శిఖరం లక్ష హెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం. రెండు పై, ఫ్రీక్వెన్సీ, నిరోధం గుణించి, ఆ లబ్ధంతో ఒకటిని భాగిస్తే సుమారు 16 పికోఫారడ్‌లు వస్తుంది. మందం బై వైశాల్యంతో సరిచేస్తే సెంటీమీటరుకు 3 పికోఫారడ్‌లు. ఇది గ్రెయిన్‌దే. గ్రెయిన్ బౌండరీదైతే పదుల నుంచి వేల రెట్లు ఎక్కువ ఉంటుంది, ఎలక్ట్రోడ్‌ది మైక్రోఫారడ్‌ల దాకా పోతుంది.

800 డిగ్రీలకు వచ్చేసరికి ఆ మొదటి చాపాలు ఫ్రీక్వెన్సీ పరిధి దాటిపోతాయి. అక్కడ టెన్షన్ పడాల్సింది తీగల గురించి. అదే పెల్లెట్ 5 ఓమ్‌లు చూపిస్తే వాహకత సెంటీమీటరుకు 0.038 సీమెన్స్. తీగలు ఒక్క ఓమ్ కలిపినా అది 0.032కి పడిపోతుంది. అందుకే పెల్లెట్ లేకుండా తీగలను షార్ట్ చేసి, అదే ఉష్ణోగ్రతలో ఒకసారి కొలిచి తీసేయండి. ఇండక్టెన్స్ కూడా దాంతోనే పోతుంది.

యాక్టివేషన్ ఎనర్జీ (అయాన్ దూకడానికి కావాల్సిన శక్తి) కోసం వాహకతను కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి, దాని సహజ లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమంతో గీయండి. ఆ గీత వాలు నుంచి లెక్కగడితే ఈ జిర్కోనియాకు 1 ఎలక్ట్రాన్ వోల్ట్ దరిదాపుల్లో రావాలి.

ఇంత చేసినా, కదిలింది ఆక్సైడ్ అయానే అని ఇంకా తేలలేదు. చాలామంది వదిలేసేది ఇక్కడే. ఉష్ణోగ్రత మార్చకుండా ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని తగ్గించుకుంటూ మళ్లీ కొలవండి. జిర్కోనియాలో వాహకత గీత చాలా దూరం అడ్డంగా, అంటే మారకుండా సాగుతుంది. గడోలినియం కలిపిన సీరియాలో (సీరియం ఆక్సైడ్), హైడ్రోజన్ ఉన్న వాతావరణంలోకి వెళ్లేసరికి వాహకత పైకి లేస్తుంది. మురిసిపోకండి, బయటికి పోయిన ఆక్సిజన్ వదిలిన ఎలక్ట్రాన్లను తీసుకుని సీరియం నాలుగు నుంచి మూడు వేలెన్సీకి దిగింది, ఇప్పుడు అదనంగా కదులుతున్నవి ఆ ఎలక్ట్రాన్లే. గీత అడ్డంగా ఉన్నంత మేరకే అయాన్ల లెక్కలో వేసుకోండి.