పైన స్లాబు, బిల్లులో స్లాబు: హైదరాబాద్ ఎండాకాలానికి ఇంటి పని

హైదరాబాద్‌లో పై అంతస్తులో ఉండేవాళ్లకు రెండు స్లాబులతో పేచీ. ఒకటి నెత్తిమీద కాంక్రీటు స్లాబు, రెండోది కరెంటు బిల్లులో ఉండే స్లాబు. మొదటిది కాగితే ఏసీ ఆగకుండా తిరుగుతుంది, రెండోది దాటిపోతుంది. కాబట్టి ఏసీ షాపుకు వెళ్లే ముందు ఒకసారి డాబా ఎక్కి చూడాలి.

మన ఊళ్లో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. అంటే ఎండలు ముదిరే నెలల్లో దక్షిణం గోడ మీద ఎండ పెద్దగా నిలవదు. తూర్పు గోడకు ఒక పూట, పడమటి గోడకు ఒక పూట తగులుతుంది. డాబాకు మాత్రం పొద్దస్తమానం తగులుతుంది. ఐదంగుళాల కాంక్రీటు గుండా ఆ వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యాహ్నం కంటే రాత్రి ఎనిమిదింటికి పడకగది ఎక్కువ మండిపోవడానికి కారణం ఇదే. రాత్రి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించండి, తర్వాత లోపలి గోడకు ఆనించండి. సీలింగు వెచ్చగా, గోడ చల్లగా ఉంటే మీ శత్రువు పైనే ఉన్నాడు. కింద అంతస్తుల వాళ్లకు ఈ గొడవ లేదు, వాళ్లు నేరుగా కింద కిటికీల గురించి రాసిన భాగానికి వెళ్లొచ్చు.

డాబాకు తెలుపు

తెల్లని డాబా ఎండను వెనక్కి కొడుతుంది. మామూలు సిమెంటు డాబా మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబడలేనంతగా కాలుతుంది, తెల్లది అంత కాలదు. కింద గదిలో రెండు మూడు డిగ్రీల తేడా కనిపిస్తుంది. వినడానికి చిన్న అంకెలా ఉన్నా, రాత్రి ఏసీ కంప్రెసర్ ఎంతసేపు ఆగి ఉంటుందో తేల్చేది ఆ రెండు డిగ్రీలే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు తప్పనిసరి కాదు గానీ, ఎక్కువ అవసరం వాళ్లకే.

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఈ పని పెట్టుకోండి. రెండు దారులున్నాయి.

చవక దారి సున్నం. 1000 చదరపు అడుగులకు రెండు పూతలు వెయ్యాలంటే సుమారుగా 25 కిలోల సున్నం, 5 కిలోల వైట్ సిమెంటు, 2 కిలోల ఫెవికాల్ లాంటి బంక పడతాయి. బంక లేకపోతే ఎండాక పొడిపొడిగా పాదాలకు అంటుకుని ఇల్లంతా తెల్లని అడుగులే. రాళ్ల సున్నం తెస్తే ముందురోజు సాయంత్రమే ఇనుప డ్రమ్ములో నానబెట్టాలి. ముందు నీళ్లు పోసి అందులో సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి తప్ప, సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. కుతకుతలాడి కళ్లలోకి చిందుతుంది. ప్లాస్టిక్ బకెట్ అయితే మెత్తబడి సొట్టలు పోతుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లవుజులు లేకుండా ఈ పని వద్దు, పిల్లల్ని డాబా మీదికి రానివ్వొద్దు.

డాబాను ఇనుప బ్రష్షుతో రుద్ది, పాచి, పాత పెచ్చులు తీసేసి కడగండి. పగుళ్లుంటే క్రాక్ ఫిల్లర్‌తో పూడ్చి ఆరనివ్వండి. వేసే ముందు డాబాను తడపాలి, నీళ్లు నిలవకూడదు. మొదటి పూత పల్చటి మజ్జిగలా, రెండోది చిక్కటి మజ్జిగలా ఉండాలి. వైట్ సిమెంటు ముందే మొత్తం కలిపేస్తే బకెట్లోనే గట్టిపడుతుంది, గంటలో వాడగలిగినంతే కలపండి. మొదటి పూత ఒక సాయంత్రం, రెండోది మర్నాడు సాయంత్రం అడ్డంగా. మధ్యాహ్నం ఎండలో వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరైపోయి పూత పట్టు దొరక్క రాలిపోతుంది. సున్నం రాలిందని చెప్పేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. పిట్టగోడ లోపలి వైపు కూడా వెయ్యండి. వానాకాలం ఈ పూతలో చాలా భాగాన్ని కడిగేస్తుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేసుకోవాల్సిందే.

రెండో దారి కూల్ రూఫ్ కోటింగ్. ఖర్చు ఎక్కువే, మూడు నుంచి ఐదేళ్లు ఉంటుంది, సన్న పగుళ్లను కూడా మూస్తుంది. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (ఎండ వేడిని ఎంత వెనక్కి కొడుతుందో చెప్పే సూచిక) అంకె చూడండి, 100 పైన ఉన్నది తీసుకోండి. రెండు పూతలకు లీటరు 20 నుంచి 30 చదరపు అడుగులకే వస్తుంది, పెయింటరు 60 వస్తుందని అంటే నీళ్లు కలిపే ఉద్దేశం ఉన్నట్టు. సున్నానికి తడి డాబా కావాలి, దీనికి పూర్తిగా పొడి డాబా కావాలి. చెమ్మ ఉంటే బుడగలు లేచి తోలులా ఊడుతుంది. పాత సున్నం మీద నేరుగా కోటింగ్ వేసినా అంతే, అది డాబాను కాదు, సున్నం పొడిని పట్టుకుంటుంది. ఇంకో మాట: మన ఊరి దుమ్ముకు ఏ తెలుపైనా ఏడాదిలో బూడిదరంగు తిరుగుతుంది. ప్రతి మార్చిలో ఒకసారి చీపురుతో రుద్ది కడగకపోతే పెట్టిన డబ్బులో సగం దుమ్ము కిందే ఉన్నట్టు.

రేకుల ఇళ్లకు ఇదే తెలుపు ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పల్చటి రేకు వేడిని వెంటనే కిందికి దింపుతుంది. అయితే సిమెంటు రేకుల మీద కాలు పెట్టొద్దు, పక్కన నిచ్చెన వేసి పొడవు కర్ర రోలరుతో వెయ్యాలి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి పొడిగా గీకొద్దు, తడిపి మెత్తటి బ్రష్షుతో కడగాలి.

అద్దె ఇల్లు, ఓనరు ఒప్పుకోలేదు అనుకోండి. చలువ పందిరి ఉంది కదా. పడకగది నెత్తిన ఉన్న భాగం వరకు 75 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి. డాబాకు ఆనించి పరిస్తే ప్రయోజనం తక్కువ. కనీసం రెండడుగుల ఎత్తున కడితే మధ్యలో గాలి ఆడి నెట్టు వేడిని తీసుకుపోతుంది. మే నెల గాలిదుమారానికి లేచిపోకుండా మూలలు గట్టిగా బిగించాలి. ఆ నెట్టునే నల్ల వాటర్ ట్యాంకు మీదికి కూడా లాగితే మధ్యాహ్నం కుళాయిలో వచ్చే మరిగిన నీళ్ల బాధ తప్పుతుంది.

సాయంత్రం డాబా తడపడం పాత అలవాటే, మంచిదే. ఒక్క లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 0.67 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడిని లాక్కుపోతుంది. ఐదు, ఆరు గంటల మధ్య చదరపు మీటరుకు లీటరు లెక్కన చల్లితే చాలు. పైపు వదిలేసి చెరువు చెయ్యక్కర్లేదు. ట్యాంకర్ బుక్ చేసుకునే కాలనీలో అయితే ఈ పని వదిలెయ్యండి.

కిటికీలు, రాత్రి గాలి

పడమటి కిటికీకి సన్‌షేడ్ ఉన్నా సరిపోదు, నాలుగు దాటాక ఎండ వాలుగా కిందినుంచి వస్తుంది. పరదా లోపల కడితే వేడి అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. వెదురు తడికైనా, గ్రీన్ నెట్టైనా అద్దానికి బయట వేలాడదీయాలి. ఉదయం ఎనిమిదిన్నరకల్లా కిటికీలన్నీ మూసెయ్యండి. రాత్రి తొమ్మిది తర్వాత బయటి గాలి చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరవండి. గాలి కావాలని మధ్యాహ్నం రెండింటికి కిటికీ తెరవడమంటే వడగాలిని పిలిచి కూర్చోబెట్టడమే.

ఫ్యాన్లు

పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్ల తేడా. మీ వాడకం నెలకు 200 యూనిట్లు దాటుతుంటే ఒక్కో ఫ్యాను మీద నెలకు 150 రూపాయలు మిగులుతాయి. హాల్లో, పడకగదిలో మార్చండి. చుట్టాలొస్తే తిరిగే గదిలో మార్చడం దండగ. పాత గోడ రెగ్యులేటరును లైన్లోంచి తీసేసి నేరుగా స్విచ్చికి కలపాలి, లేకపోతే ఫ్యాను కీచుమంటూ కొన్నాళ్లకు బోర్డు పోతుంది. ఇన్వర్టరు మీద కూడా ఇవి రెట్టింపు సేపు తిరుగుతాయి. ఉన్న పాత ఫ్యానే నెమ్మదించిందా? మోటారు పోయిందనుకోకండి, ముందు కెపాసిటర్ మార్పించండి. చాలా ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది సరిపోతుంది, పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే తెచ్చుకోండి.

కూలరా, ఏసీనా

కూలరుకు మన ఊళ్లో ఒక లెక్క ఉంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా అది రాజు. మృగశిర వచ్చి నాంపల్లిలో చేప ప్రసాదానికి జనం బారులు తీరే రోజులకు దాని పని అయిపోతుంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే మంచి ప్యాడ్లున్న కూలరు 27 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే జూన్ చివర 33 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నప్పుడు 29 కంటే దిగదు, పైగా ఉక్కపోత. కరెంటు మాత్రం 150 నుంచి 200 వాట్లే.

కూలరు చల్లగా రావట్లేదంటే సాధారణంగా తప్పు కూలరుది కాదు. దాన్ని గది మధ్యలో పెట్టి తలుపులు బిగించుకుంటారు. గదిలో గాలే మళ్లీ మళ్లీ తడిసి పది నిమిషాల్లో జిగట మొదలవుతుంది. కూలరు వీపు కిటికీ బయటి గాలికి ఉండాలి, ఎదురు వైపు తలుపో కిటికీయో బాగా తెరిచి ఉండాలి. పెద్ద కూలరు గంటకు 8 నుంచి 10 లీటర్లు తాగుతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి ప్యాడ్ల మీద తెల్లగా పేరుకుని గాలి ఆడదు. వీలైతే నల్లా నీళ్లు పోయండి, రెండు మూడు రోజులకోసారి అడుగు నీళ్లు పారబోయండి. వారానికోసారి తొట్టి పూర్తిగా ఎండబెట్టాలి, డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగరడానికి వారం పది రోజులు చాలు. ఇనుప బాడీ కూలరుకు ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి, నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసేయాలి. ఇక్కడ అశ్రద్ధకు ప్రాణాలే పోతాయి.

ఏసీ తప్పదనుకుంటే 26 మీద పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్కన ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. 18 మీద పెడితే గది తొందరగా చల్లబడుతుందన్నది అపోహ. మామూలు ఏసీ ఎంత పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, ఆగడం మాత్రం ఆలస్యం చేస్తుంది. ఎండాకాలంలో రెండు వారాలకోసారి ఫిల్టరు మీరే కడగండి. ఔట్‌డోర్ యూనిట్టును బాల్కనీలో సామాన్ల మధ్య ఇరికించొద్దు, అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది.

సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ గ్యాసు తక్కువైందని చెప్పే మెకానిక్కు ఉంటే జాగ్రత్త. ఏసీలో గ్యాసు పెట్రోలులా అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. నైట్రోజన్ ప్రెషరు పెట్టి లీకు పట్టుకుని, మూసి, వ్యాక్యూమ్ చేసి, స్టిక్కరు మీదున్న బరువు ప్రకారం తూకమేసి నింపమని అడగండి. అలా చెయ్యని గ్యాసు మళ్లీ వేసవికి ఉండదు.

బిల్లులో స్లాబు

తెలంగాణలో ఇంటి కరెంటుకు 2022 నుంచి ఉన్న రేట్లలో ఒక మెలిక ఉంది. నెలకు 101 నుంచి 200 యూనిట్ల దాకా వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున పడుతుంది, సరిగ్గా 200కు ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొత్తం వర్గమే మారి, మొదటి 200కీ 5.10 పడుతుంది, పైదానికి 7.70. అంటే 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్టు ఖరీదు 207 రూపాయల 70 పైసలు! 100 దగ్గర కూడా ఇలాంటి మెట్టే ఉంది. వంద లోపు రేట్లు ఇంకా తక్కువ కాబట్టి 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు ఉన్నది కాస్తా 101కి 344 రూపాయల 80 పైసలవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు వేరు. ఆహార భద్రత కార్డు ఉండి గృహజ్యోతిలో (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకంలో) ఉన్నవాళ్లకు దెబ్బ ఇంకా పెద్దది, 200 దాటితే జీరో బిల్లు పోయి మొత్తం కట్టాలి.

అందుకే రీడింగు తీసిన రోజు బిల్లు మీదున్న అంకెను ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టండి. 200కు రోజుకు 6.6 యూనిట్లు వస్తాయి. పదిహేనో రోజు మీటరు చూడండి, 100 దాటి ఉంటే మిగతా సగంలో ఏసీ గంటలు తగ్గించడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. పై అంతస్తులో ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 6 నుంచి 8 యూనిట్లు పోతాయి కాబట్టి, రోజూ ఏసీ వేసే ఇల్లు మే నెలలో 200 లోపు ఉండటం కష్టం. అలాంటప్పుడు ఏప్రిల్‌ను, జూన్‌ను కాపాడుకోవడం మీద దృష్టి పెట్టండి.

ఏది ఎంత తింటోందో తెలియకపోతే మీటరు ఎర్ర లైటునే అడగండి. మీటరు మీద యూనిట్టుకు 3200 ఇంపల్స్ అని ఉందనుకుందాం. మిగతావన్నీ ఆపి, అనుమానమున్న ఒక్కదాన్నే నడిపి, నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. దాన్ని 60తో హెచ్చవేసి 3200తో భాగిస్తే గంటకు యూనిట్లు వస్తాయి. 16 సార్లు వెలిగితే గంటకు 0.3 యూనిట్టు. అన్నీ ఆపినా లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటే ముందు గీజరు స్విచ్చి, పాత ఇన్వర్టరు బ్యాటరీ, ఏసీ స్టెబిలైజరు ఒక్కొక్కటీ తీసి చూడండి. అవీ తీశాక ఇంకా వెలుగుతుంటే వైరింగులో లీకేజీ ఉన్నట్టు, ఎలక్ట్రీషియన్ను అదే రోజు పిలవాలి.