రిమ్ముకు వేసిన రంగు టైరుకు అంటితే: ట్రాక్టరు టైర్ల మీద పెయింటు మచ్చలు, వాటి విరుగుడు

పాత ట్రాక్టరుకు కొత్తగా రంగు వేయిస్తే చూసేవాళ్ళ కళ్ళు ముందు బానెట్ మీద పడతాయి, తర్వాత నేరుగా టైర్ల మీదకు దిగుతాయి. రిమ్ము వెండిరంగు రబ్బరు మీదకు పాకి, మడ్‌గార్డు నుంచి ఎర్రచుక్కలు రాలి కనబడితే పెట్టిన ఖర్చంతా దండగే అనిపిస్తుంది. మా ఇంటి మహీంద్రా బి-275కి రంగు వేసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. తొందరపడి చేతికందిన ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగును పలచన చేసే థిన్నర్ గుడ్డ మీద గుమ్మరించి రుద్దేశాను. ఎరుపు పోయింది. ఆ చోట అరచేయంత బూడిద మచ్చ తేలింది. చుక్కలు దగ్గరికొస్తే గానీ కనబడేవి కావు, ఇది గేటు దగ్గర్నుంచే కనబడేది.

అందుకే ముందు థిన్నర్ డబ్బా మూత పెట్టేయండి.

మొదట తేల్చాల్సింది: అది ఏ రంగు?

మన దగ్గర ట్రాక్టర్లకు సాధారణంగా వేసేవి మూడు రకాలు. ఊళ్ళో షెడ్డులో బ్రష్‌తోనో స్ప్రే గన్‌తోనో వేసేది ఎక్కువగా సింథటిక్ ఎనామెల్. ఇది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. కొన్ని గంటల్లో చేతికి అంటకుండా ఆరినా లోపల పూర్తిగా బిగుసుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. రెండోది ఎన్.సి. ఇందులోని థిన్నర్ ఆవిరైపోతే రంగు ఆరినట్టే. మళ్ళీ థిన్నర్ తగిలితే ఎన్నేళ్ళకైనా కరుగుతుంది. మూడోది గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపి కొట్టే పి.యు. (పాలీయూరెథేన్). ఒకసారి బిగిసిందంటే ఏ ద్రావకానికీ కరగదు.

వేసినవాళ్ళను అడిగితే సరిపోతుంది. వాళ్ళకీ గుర్తులేకపోతే, టైరు లోపలివైపు, అంటే ఎవరికీ కనబడని వైపు ఒక చుక్క మీద థిన్నర్‌లో ముంచి పిండిన దూదితో నాలుగుసార్లు తుడవండి. రంగు వెంటనే దూదికి వచ్చేస్తే ఎన్.సి. కాసేపటికి ముడతలు పడి ఉబ్బితే ఎనామెల్. ఏమీ కాకపోతే పి.యు. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు, అయినా చాలామంది చెయ్యరు. నేనూ చెయ్యలేదు.

గట్ల మీద రంగు ఉంటే

నేలను పట్టే గట్ల మీద, వాటి మధ్య కాలువల్లో రంగు పడితే ఏమీ చెయ్యకండి. ట్రాక్టరును ఇసుకబాట మీదో చెరువుగట్టు మీదో రెండు మూడు కిలోమీటర్లు నడపండి. రబ్బరు వంగుతుంటే రంగు పొర విరిగి రాలిపోతుంది, మిగిలింది నేల అరగదీస్తుంది. కూర్చుని రుద్దాల్సింది పక్కగోడల మీద రంగునే.

లక్షణం: చేత్తో రాస్తే గరుకుగా, పొడిపొడిగా తగులుతోంది

కారణం: గన్ దూరంగా పట్టుకుని కొట్టినప్పుడు రంగు గాలిలోనే సగం ఆరి దుమ్ములా వచ్చి టైరు మీద కూర్చుంది. రబ్బరుకు అంటుకోలేదు, దాని మీద ఊరికే వాలింది. కొత్త టైరైతే పైన మైనం లాంటి పలచని పొర కూడా ఉంటుంది కాబట్టి పట్టు ఇంకా తక్కువ.

పరిష్కారం: బకెట్టు గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, గట్టి నైలాన్ బ్రష్. నురగ ఐదు నిమిషాలు నాననిచ్చి గుండ్రంగా రుద్దండి. చాలావరకు పోతుంది. మిగిలినచోట కొబ్బరిపీచు వాడండి. ఇనుప వైరు బ్రష్, అందులోనూ డ్రిల్లుకు బిగించేది మాత్రం వద్దు. రంగుతో పాటు రబ్బరునూ చీరుకుపోతుంది.

లక్షణం: మెరిసే చుక్కలు, కారిన ధారలు

ఇవి తడిగా పడ్డవి. పడి ఎంతసేపయిందన్నదాన్ని బట్టి మందు మారుతుంది.

ఎనామెల్ అదే రోజు పడిందైతే గుడ్డను టర్పెంటైన్‌తో తడిపి, పిండి, చుక్క అంచు నుంచి మధ్యకు తుడవండి. మధ్య నుంచి బయటికి తుడిస్తే చుక్క కాస్తా చంద్రవంక అవుతుంది. తుడిచిన వెంటనే సబ్బునీళ్ళతో కడగాలి, ఎందుకంటే టర్పెంటైన్‌కైనా కిరసనాయిలుకైనా రబ్బరును ఉబ్బించే గుణముంది. పెట్రోలు, డీజిలు దీనికి అసలు వాడొద్దు.

వారం దాటిన ఎనామెల్‌కు టర్పెంటైన్ చాలదు. అప్పుడు దాని బలహీనత వేరే ఉంది: రబ్బరు వంగుతుంది, ఎండిన ఎనామెల్ వంగదు. పాత ఏటీఎం కార్డు అంచుతోనో వెదురుపేడుతోనో చుక్క కిందికి గీకితే పెచ్చుగా లేస్తుంది. మిగిలిన నీడను 220 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) సబ్బునీళ్ళు పోస్తూ తేలిగ్గా, ఆపైన 400తో రుద్దండి. టైరు మీది అక్షరాలు, అంకెల జోలికి పేపర్‌తో పోవద్దు. అక్కడ పాత టూత్‌బ్రష్, ఓపిక.

ఎన్.సి. చుక్కకు థిన్నర్ తప్పదు, కానీ నా పద్ధతిలో కాదు. ఇయర్‌బడ్‌ను థిన్నర్‌లో ముంచి చుక్క మీద మాత్రమే అద్ది, కరగగానే పొడిగుడ్డతో ఎత్తేసి, అక్కడే నీళ్ళతో కడిగేయాలి. తర్వాత ఇంకో చుక్క. విసుగు పని, ఒక్కో టైరుకు సాయంత్రం పడుతుంది. పి.యు.కు ద్రావకాలేవీ పనిచేయవు కాబట్టి వాటర్ పేపర్ ఒక్కటే దారి. ఇనుముకు వాడే పెయింట్ రిమూవర్‌ను, హీట్ గన్‌ను టైరు దగ్గరికే రానివ్వకండి.

థిన్నర్ వాడేచోట బీడీ, సిగరెట్ వద్దని చెప్పనక్కరలేదు. చెప్పాల్సింది గుడ్డల సంగతి. ఎనామెల్ అంటిన గుడ్డలను కుప్పగా మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి, ఆరుబయట పరచి ఆరబెట్టండి.

లక్షణం: పగుళ్ళలోకి దిగిన రంగు

ఏళ్ళ తరబడి ఎండలో నిలబడ్డ ట్రాక్టరు టైర్ల పక్కగోడల మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు ఉంటాయి. గాలిలోని ఓజోన్ చేసిన పని అది. రంగు వాటిలోకి దిగితే చాకు మొనతో తవ్వాలనిపిస్తుంది. తవ్వకండి, పగులు లోతవుతుంది. పైన ఉన్నదాన్ని తుడిచి లోపలిది వదిలేస్తే నాలుగు దుక్కులకు మట్టి దాన్ని కప్పేస్తుంది. పగులులో టైరు లోపలి దారాలు కనబడుతుంటే మాత్రం రంగు గొడవ పక్కన పెట్టి టైరు సంగతి చూసుకోండి.

రంగు పోయింది, మచ్చ మిగిలింది

మచ్చ బూడిదగా ఉంటే, రబ్బరును ఎండ నుంచి, ఓజోన్ నుంచి కాపాడే మైనాన్ని ద్రావకం పైపొరలోంచి లాగేసిందన్నమాట. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, నీళ్ళు కలిసిన రకం టైర్ డ్రెస్సింగ్ (టైరుకు నలుపు, మెరుపు ఇచ్చే ద్రవం) పలచగా రాయండి. వాడకంలో రబ్బరు లోపలి మైనం నెమ్మదిగా మళ్ళీ పైకి వస్తుంది. నా టైరు నల్లబడటానికి ఒక పంటకాలం పట్టింది. మన ఊళ్ళలో అందరూ చెప్పే చిట్కా కాలిన ఇంజన్ ఆయిలు పూయడం. ఆ రోజుకు నిగనిగలాడుతుంది నిజమే, కానీ ఆయిలు రబ్బరులోకి ఇంకి మెత్తబరుస్తుంది, పైగా దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

మచ్చ గోధుమరంగులో ఉంటే అసలది పెయింటే కాకపోవచ్చు. పగుళ్ళు రాకుండా రబ్బరులో కలిపే మందు పైకి తేలి గాలి తగిలి అలా మారుతుంది. సబ్బు, నైలాన్ బ్రష్ చాలు. ఆయుధపూజ నాడు టైరుకు పెట్టిన పసుపు మరక కూడా ఇలాగే మోసం చేస్తుంది, దానికి నాలుగు రోజుల ఎండ చాలు.

ఈసారి అంటకుండా

టైరు విప్పి రిమ్ముకు రంగు వేయడమే సరైన పద్ధతి. కానీ కొన్ని ట్రాక్టర్లకు బరువు కోసం వెనక టైర్లలో నీళ్ళు నింపి ఉంటాయి. 13.6-28 సైజు టైరులో అవే నూటయాభై లీటర్లు దాటతాయి, ఇక విప్పబుద్ధి ఎవరికవుతుంది?

విప్పకుండా చేసే ఉపాయం పాత శుభలేఖలు. చక్రాన్ని జాకీ మీద లేపి, కింద దుంగలు పెట్టి, నీళ్ళున్న టైరైతే వాల్వు పైకి వచ్చేలా తిప్పి గాలి కొంత తగ్గించండి. వాల్వుకు, దాని మూతకు టేపు చుట్టండి, లేకపోతే రంగు ఆరాక మూత బిగుసుకుపోతుంది. రిమ్ము అంచుకూ రబ్బరుకూ మధ్య కార్డులను ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా చుట్టూ దోపండి. టైరు మిగతా భాగాన్ని పాత పేపర్లతో కప్పండి. పలచని కార్డులు రంగుకు తడిసి వాలిపోతాయి, మందపాటి అట్టవే ఏరుకోండి. రంగు చేతికి అంటకుండా ఆరగానే, పూర్తిగా బిగుసుకోకముందే కార్డులు లాగేయాలి. ఆలస్యమైతే అంచు పెచ్చులుగా లేస్తుంది. గాలి నింపేది ఆ తర్వాతే.