హామ్ రేడియో వినాలంటే సెట్ కొనండి, యాంటెన్నా మీరే కట్టుకోండి

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మనోళ్ళకి హామ్ రేడియో (లైసెన్సున్న ఔత్సాహికులు సరదాకి ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో) మీద మనసైతే మొదటి డౌటు ఇదే, సెట్ కొనాలా సొంతంగా చేసుకోవాలా అని. నన్నడిగితే సెట్ కొనేయండి, యాంటెన్నా మాత్రం అస్సలు కొనొద్దు. రెండూ మీరే చేసి స్విచ్ వేశాక బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ రాకపోతే తప్పు సోల్డరింగ్‌లో ఉందా, వైర్లో ఉందా, ఆ టైంకి బ్యాండే (ఆ ఫ్రీక్వెన్సీల వరసే) పడుకుందా అనేది తేల్చుకోడానికి దారే ఉండదు.

సెట్‌లో ఎస్ఎస్‌బి (హామ్‌లు మాటలు పంపే పద్ధతి) ఉందా లేదా చూడండి, మిగతావన్నీ తర్వాత. ఇంట్లో పాత షార్ట్‌వేవ్ రేడియోలో 7 మెగాహెర్ట్జ్ తగిలినా హామ్‌ల మాటలు బాతు అరిచినట్టు ఉంటాయి, ముక్క అర్థం కాదు. టెక్సన్ పీఎల్-330 లాంటిది చాలు, అందులో ఎస్ఎస్‌బి రెండు రకాలు, 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎల్ఎస్‌బి, 14 దగ్గర యూఎస్‌బి పెట్టాలి. కంప్యూటర్‌కి తగిలించి వినే ఆర్టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ చవకే గానీ మామూలుది 24 మెగాహెర్ట్జ్ కింద వినదు, వీ3 గానీ వీ4 గానీ అడిగి తీసుకోండి. అసలు పైసా తీయకముందే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్ ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్‌లో వినే అక్కడి రేడియో) ఫోన్లో ఓపెన్ చేసి కొన్నాళ్ళు చెవి అలవాటు చేసుకోండి.

ఇక యాంటెన్నా. వైరు మొత్తం పొడవుకి లెక్క, 143ని మీరు వినే ఫ్రీక్వెన్సీతో, అంటే 7.1 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే సుమారు 20 మీటర్లు, అంటే హౌస్ వైరింగ్ వైరు పది మీటర్ల ముక్కలు రెండు. నడిమధ్యన, సెట్‌కి వెళ్ళే కేబుల్ లోపలి తీగ ఒకదానికి, పైన జాలీ రెండోదానికి, చివర్లకి నైలాన్ తాడు కట్టి డాబా నుంచి కొబ్బరిచెట్టుకి లాగేయండి, కరెంటు తీగలకి మాత్రం దూరంగా. వినడానికే కాబట్టి డిష్ కేబుల్ ముక్కైనా పర్లేదు. ఐదారు మీటర్ల ఎత్తే దొరికిందా, దిగులొద్దు, అంత కిందున్న డైపోల్ (ఇలాంటి రెండు ముక్కల యాంటెన్నా) ఎక్కువగా ఆకాశంలో తగిలి నెత్తిమీద నుంచి దిగే సిగ్నల్నే పట్టుకుంటుంది, అందుకే చుట్టూ కొండలున్నా పగలు విశాఖ, భువనేశ్వర్ వాళ్ళు వినిపిస్తారు. హామ్‌ల ఇంకో బ్యాండు 145 మెగాహెర్ట్జ్‌కి ఆ సుఖం లేదు, కొండ అడ్డమొస్తే అంతే.

గోల ఎక్కువుంటే సెట్‌ని బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపి చూడండి, చాలాసార్లు ఆ గోలకి కారణం ఎల్ఈడీ బల్బో ఇన్వర్టరో అయ్యుంటుంది.

ఇదంతా కుదిరాక రిసీవర్ (వినే సెట్) మీ చేత్తో చేయండి. ఎస్ఏ612, ఎల్ఎం386 అనే రెండు చిప్‌లతో డైరెక్ట్ కన్వర్షన్ (సిగ్నల్‌ని నేరుగా శబ్దంగా మార్చే) సెట్ చిన్న బోర్డు మీద అయిపోతుంది, కొన్న సెట్ పక్కనే ఉంటుంది కాబట్టి పోల్చుకోవచ్చు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో ఉన్నోళ్ళు ముందర ఫిల్టర్ గట్టిగా పెట్టాలి, లేకపోతే ఎక్కడ తిప్పినా ఆ స్టేషన్ పాటలే. ఇంకా ముందుకెళ్ళాలంటే హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ అనే ఇంట్లో చేసుకునే సెట్ ఉంది, అందులో కాయిల్స్ కుళాయి వాషర్ల మీద చుట్టారు! కాకపోతే అది మాట్లాడే సెట్ కూడా, ట్రాన్స్‌మిట్ చేయాలంటే పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవాల్సిందే.

ఎండాకాలం సాయంత్రాలు ఉరుములు వినబడకముందే, మబ్బు కమ్ముతున్నప్పుడే కేబుల్ పీకి కిటికీ బయట పడేయండి.