పాత పెళ్లి సీడీలు కాపీ చేసే ముందు

సంక్రాంతికి ఊరెళ్లి పాత సీడీలు బయటికి తీస్తారు కదా. డెస్క్‌టాప్‌లో సీడీ డ్రైవ్ మొరాయిస్తుంటే ఇవి చూసుకోండి.

మధ్య రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులున్నా డిస్క్ పెట్టొద్దు. 52ఎక్స్ వేగం ఉన్న డ్రైవ్‌లో అది నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. లోపలే ముక్కలైతే డ్రైవూ పోతుంది, అమ్మానాన్నల పెళ్లి వీడియో ఇక దొరకదు.

ఉన్న ఒక్క కాపీతో డ్రైవ్‌ను పరీక్షించొద్దు. పోయినా బాధలేని సీడీ ముందు పెట్టండి.

ట్రే ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో పెకిలించొద్దు, డిస్క్ గీసుకుపోతుంది. పవర్ తీసేసి, చప్పుడు పూర్తిగా ఆగాక, ముందున్న సన్నని రంధ్రంలోకి సాపు చేసిన పేపర్ క్లిప్ మెల్లగా నెట్టండి.

డిస్క్‌ను మధ్య నుంచి అంచు వైపే తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీతలు ట్రాక్ (డేటా రాసి ఉన్న గుండ్రటి దారి) వెంబడే పడతాయి.

కొత్త డ్రైవ్ కొనేముందు సాటా కేబుల్ (డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపే తీగ) మార్చి చూడండి, కొన్నిసార్లు తప్పు దానిదే.