లైనక్స్ నేర్చుకుందాం, 5వ పాఠం: గేమ్స్ కోసం ప్రోటానా, డ్యూయల్ బూటా?

గత పాఠంలో లైనక్స్ మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించుకున్నాం. ఆ పని చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసుకుని రండి. డ్రైవర్ సరిగ్గా లేకపోతే ఈ పాఠంలో ఏదీ నడవదు.

ఆ పాఠం చూసి హన్మకొండలో బీటెక్ చదువుతున్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు.

“మామా, లైనక్స్‌ల గేమ్స్ నడుస్తయా?”

“ఏ గేమ్ అల్లుడా?”

“అన్నీ.”

“అన్నీ అంటే నేనేం చెప్పాలె? పేర్లు చెప్పు.”

వాడు చెప్పిన మొదటి పేరు వాలోరెంట్. దాంతో వాడి సంగతి తేలిపోయింది, డ్యూయల్ బూట్ తప్పదు, అంటే ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకోవాల్సిందే. రెండో పేరు ఎల్డెన్ రింగ్. అది ప్రోటాన్‌తో, అంటే విండోస్ గేమ్స్‌ను లైనక్స్‌లో నడిపే పనిముట్టుతో, నడుస్తుంది. అదొక్కటే ఆడేవాడైతే విండోస్ అవసరమే ఉండేది కాదు. ఏ సిస్టమ్ గొప్పదన్న వాదన పక్కన పెట్టండి. మీరు వదులుకోలేని గేమ్ ఏదో, మీ నిర్ణయం దాన్నిబట్టే ఉంటుంది. కాబట్టి పాఠం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మీరు నిజంగా ఆడే గేమ్స్ పేర్లు రాయండి. ఎప్పుడో ఆడదామనుకున్నవి వద్దు, పోయిన నెలలో ఆడినవి చాలు.

లోపల జరిగేది

తెర మీద బొమ్మ గీయడానికి విండోస్ గేమ్ డైరెక్ట్‌ఎక్స్‌ను పిలుస్తుంది. లైనక్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ ఉండదు, వల్కన్ ఉంటుంది. మధ్యలో ఎవరో ఒకరు మార్చి చెప్పాలి. విండోస్ ప్రోగ్రాముల పిలుపులను లైనక్స్‌కు అర్థమయ్యేలా మార్చే వైన్ 1993లో మొదలైంది. దాని మీదే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను తెచ్చి, తన గేమ్స్ దుకాణమైన స్టీమ్‌లో కలిపేసింది. ప్రోటాన్ లోపల డైరెక్ట్‌ఎక్స్ 9, 10, 11 పిలుపులను డీఎక్స్‌వీకే వల్కన్‌లోకి మారుస్తుంది. 12 సంగతి వీకేడీ3డీ-ప్రోటాన్ చూసుకుంటుంది. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ అమ్మకానికి పెట్టిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో ఉన్నది లైనక్సే. అది జనం చేతుల్లోకి వెళ్లాకే చాలా గేమ్ కంపెనీలు ప్రోటాన్‌ను పట్టించుకున్నాయి.

సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నవాళ్లు ఈ పేరా ఆగి చదవండి. ప్రోటాన్ 8 నుంచి వల్కన్ 1.3 ఉండాల్సిందే. పాత సిస్టమ్స్‌లో తరచూ కనిపించే జీటీ 710 కార్డుకు అంత దూరం డ్రైవర్ రాదు. కొత్త ప్రోటాన్ మీద గేమ్ తెరిస్తే నల్ల తెర వచ్చి మూసుకుపోతుంది, మీరేమో లైనక్స్‌ను తిట్టుకుంటారు. అలాంటి కార్డు ఉంటే ప్రోటాన్ 7 ఎంచుకుని చూడండి. పాత గేమ్స్ దాని మీద నడిచే అవకాశం ఉంది.

ప్రోటాన్ నడిపించడం

స్టీమ్‌ను వాళ్ల సొంత సైట్ నుంచి డెబ్ ఫైల్‌గా దింపుకోండి. ఉబుంటూ వాడేవాళ్లకు యాప్ సెంటర్‌లో స్నాప్ రకం కనిపిస్తుంది, అది వద్దు. లాగిన్ అయ్యాక సెట్టింగ్స్‌లో కంపాటబిలిటీ తెరిచి, మిగతా అన్ని టైటిల్స్‌కూ స్టీమ్ ప్లే ఆన్ చేయండి. కొత్త స్టీమ్‌లో అది ముందే ఆన్ అయి ఉండవచ్చు. ఇక విండోస్‌లో లాగానే ఇన్‌స్టాల్ నొక్కడమే.

మొదటిసారి ప్లే నొక్కగానే వల్కన్ షేడర్లను (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములను) ప్రాసెస్ చేస్తున్నానని ఒక చిన్న పెట్టె వస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, శాతం మాత్రం నత్తనడక నడుస్తుంది. హ్యాంగ్ అయిందనుకుని చాలామంది అక్కడే పవర్ బటన్ నొక్కేస్తారు. పెట్టెలో స్కిప్ ఉంటుంది గానీ నొక్కకండి, నొక్కితే ఆ భారమంతా ఆట మధ్యలో కుదుపులుగా బయటపడుతుంది. చాయ్ తాగి రండి.

గేమ్ తెరుచుకోకపోతే దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీలోకి వెళ్లి వేరే ప్రోటాన్ వెర్షన్ ఎంచుకోండి. సగం జబ్బులకు ఇదే మందు. మిగతా సగానికి ప్రోటాన్‌డీబీ సైట్ చూడండి. అక్కడ స్టీమ్ గేమ్స్‌కు ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, బోర్క్‌డ్ అని ముద్రలుంటాయి. ముద్ర చూసి సంబరపడకుండా కిందికి దిగి, మీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు ఈమధ్య ఏం రాశారో చదవండి. ఎపిక్, జీఓజీ దుకాణాల్లో కొన్న గేమ్స్‌కు హీరోయిక్ లాంచర్, పాత సీడీల నాటి గేమ్స్‌కు లూట్రిస్ సరిపోతాయి.

ఎక్కడ ఆగిపోతుంది

ఇక అసలు అడ్డంకి యాంటీ చీట్, అంటే ఆటలో మోసం చేసేవాళ్లను పట్టే ప్రోగ్రామ్. ప్రోటాన్ మార్చేది మామూలు ప్రోగ్రాముల పిలుపులను మాత్రమే. వాలోరెంట్‌లోని వ్యాన్‌గార్డ్ అలా కాదు, విండోస్ లేచేటప్పుడే దాని కెర్నల్‌లో, అంటే సిస్టమ్ గుండెలో, డ్రైవర్‌గా కూర్చుంటుంది. లైనక్స్‌లో ఆ కెర్నలే లేదు, డ్రైవర్ ఎక్కడ కూర్చోవాలి? లైనక్స్ లోపలే వర్చువల్ మెషీన్ (ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టి అందులో విండోస్ వేసినా ఒప్పుకోదు. ఫోర్ట్‌నైట్, పబ్‌జీ పీసీ వెర్షన్ కూడా లైనక్స్‌లో నడవవు. ఫోన్ గేమ్స్‌ను పీసీలో నడిపే బ్లూస్టాక్స్ లైనక్స్‌కు రాదు కాబట్టి ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌ను దాని మీద ఆడేవాళ్లకూ విండోస్ కావాల్సిందే.

ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ ఈ రెండూ 2021లోనే ప్రోటాన్‌కు దారిచ్చాయి. కానీ ఆ దారి తెరవాలా వద్దా అన్నది గేమ్ కంపెనీ ఇష్టం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఏపెక్స్ లెజెండ్స్ లైనక్స్‌లో చక్కగా నడిచేది, 2024 చివర్లో కంపెనీ మూసేసింది. జీటీఏ 5 కథ మోడ్ ఇప్పటికీ నడుస్తుంది గానీ, 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ పెట్టాక ఆన్‌లైన్ మోడ్ లైనక్స్‌వాళ్లకు పోయింది. అంటే ఆన్‌లైన్ గేమ్ ఈరోజు నడుస్తోందని రేపటికి భరోసా లేదు. యూట్యూబ్‌లో దొరికే చిట్కాలతో యాంటీ చీట్‌ను దాటాలని చూస్తే అకౌంటే బ్యాన్ అవుతుంది. డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 మాత్రం లైనక్స్‌కే తయారై వస్తాయి, వాటికి ప్రోటాన్ కూడా అక్కర్లేదు.

డ్యూయల్ బూట్ చేయాల్సివస్తే

మీ కాగితం మీద వాలోరెంట్ లాంటిది ఒక్కటున్నా ఈ భాగం మీకోసమే. ముందు డిస్క్ లెక్క చూడండి. 512 జీబీ అని కొన్న ఎస్‌ఎస్‌డీని విండోస్ సుమారు 476 అని చూపిస్తుంది. విండోస్ 11కు కనీసం 64 జీబీ కావాలి, జీటీఏ 5 ఒక్కటే వంద దాటుతుంది. 256 జీబీ ల్యాప్‌టాప్‌లో రెండు సిస్టమ్స్ పెట్టి గేమ్స్ కూడా అంటే అది కాపురం కాదు, కొట్లాట. ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉంటే రెండో ఎస్‌ఎస్‌డీ వేయించుకుని విండోస్‌ను ఒకదాంట్లో, లైనక్స్‌ను ఇంకోదాంట్లో పెట్టండి. డబ్బు ఖర్చయినా టెన్షన్ తగ్గుతుంది.

ఒకే డిస్క్ అయితే విండోస్ ముందు, లైనక్స్ తర్వాత. వరస తప్పితే విండోస్ తన బూట్‌నే ముందు పెట్టుకుంటుంది. అలా అయినా లైనక్స్ ఎక్కడికీ పోదు, బయోస్‌లో బూట్ ఆర్డర్ మారిస్తే తిరిగి కనిపిస్తుంది. డిస్క్‌లో చోటు ఖాళీ చేసేది మాత్రం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోని ష్రింక్ వాల్యూమ్‌తోనే చేయండి. అంతకన్నా ముందు, డిస్క్‌కు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. బూట్‌లో మార్పు కనిపిస్తే విండోస్ ఆ కీ అడగవచ్చు, అప్పుడు లేకపోతే ఫైల్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, దాని డిస్క్‌లో రాయడానికి లైనక్స్ ఒప్పుకోదు.

సంతకం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపేయమని చాలాచోట్ల రాసి ఉంటుంది. మీరు ఆపకండి. విండోస్ 11లో వాలోరెంట్‌కు అది ఆన్‌లోనే ఉండాలి. మింట్ దానితోనే నడుస్తుంది. ఎన్‌విడియా డ్రైవర్ వేసేటప్పుడు మాత్రం ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. కంగారులో కంటిన్యూ నొక్కితే డ్రైవర్ లోడ్ కాదు.

విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయిందంటే మదర్‌బోర్డ్ బ్యాటరీ మార్పించకండి. మదర్‌బోర్డ్ గడియారంలో లైనక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. టెర్మినల్‌లో ‘timedatectl set-local-rtc 1’ అని గీతలతో సహా కొడితే ఇద్దరికీ రాజీ కుదురుతుంది.

స్టీమ్ గేమ్స్‌ను ఒకే ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) డ్రైవ్‌లో పెట్టి రెండువైపులా వాడదామన్న ఆలోచన అందరికీ వస్తుంది. ప్రోటాన్ ప్రతి గేమ్‌కూ కట్టే ఫోల్డర్‌లో కోలన్ గుర్తున్న పేర్లుంటాయి, అలాంటి పేర్లను విండోస్ ఒప్పుకోదు. గేమ్ తెరుచుకోకపోవడం, డిస్క్‌లో ఎర్రర్లు రావడం అక్కడే మొదలవుతాయి. లైనక్స్ గేమ్స్‌ను లైనక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4లోనే ఉంచండి.

ఇంకో మాట. డ్యూయల్ బూట్ పెట్టుకున్నవాళ్లు గేమ్ కోసం విండోస్‌లోకి వెళ్లి, బ్రౌజర్, అసైన్‌మెంట్లు, వాట్సాప్ కూడా అక్కడే తెరిచి, లైనక్స్ వైపు రావడమే మానేస్తారు. అందుకే విండోస్‌లో గేమ్ తప్ప ఏమీ ఎక్కించకండి, బ్రౌజర్‌లో లాగిన్ కూడా అవ్వకండి.

ఈ వారం హోంవర్క్: కాగితం మీది ప్రతి పేరునూ ప్రోటాన్‌డీబీలో వెతికి, పక్కన ‘ప్రోటాన్’ లేదా ‘విండోస్’ అని రాయండి. విండోస్ అని ఒక్కటీ రాకపోతే డిస్క్ జోలికి వెళ్లకండి. వచ్చినవాళ్లు ముఖ్యమైన ఫైల్స్ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఉండండి. వచ్చే పాఠంలో పార్టిషన్లు చేసేటప్పుడు వాటి అవసరం రావచ్చు.